తగ్గించాల్సిన ఖర్చేది... ముట్టుకోకూడనిది ఏది?

ప్లేస్‌మెంట్ సీజన్‌లో కోర్ కంపెనీల ఇంటర్వ్యూలకు వెళ్లే మెకానికల్, కెమికల్, ప్రొడక్షన్ విద్యార్థులకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: ‘మా ప్లాంట్‌లో వృథా తగ్గించి లాభం పెంచమంటే ఏం చేస్తారు?’ జవాబు కూడా దాదాపు అందరిదీ ఒకటే. లీన్ మాన్యుఫ్యాక్చరింగ్, సిక్స్ సిగ్మా, ఫైవ్ ఎస్, కైజెన్... ఊపిరి తీసుకోకుండా పదాలు అప్పజెప్పేస్తారు. ఎదురుగా కూర్చున్న ప్రొడక్షన్ మేనేజర్‌కి ఆ పదాలేవీ కొత్తవి కావు. ఆయన ‘సరే, ముందు దేన్ని కొలుస్తావు?’ అని అడిగితే మాత్రం చాలామంది దగ్గర మాట ఉండదు.

నిజానికి ఆ ప్రశ్నలో రెండు నైపుణ్యాలు దాగి ఉన్నాయి. వృథా ఎక్కడుందో చూడగలగడం మొదటిది. పైకి వృథాలా కనిపిస్తున్నా వృథా కానిదాన్ని గుర్తుపట్టి, దాని జోలికి పోకుండా ఉండగలగడం రెండోది. మొదటిది కాలేజీల్లో, ఆన్‌లైన్ కోర్సుల్లో ఎంతో కొంత చెబుతున్నారు. రెండోదాని ఊసు చాలా సిలబస్‌లలో కనిపించదు. విశాఖలో చదువుకునేవాళ్లు ఈ రెండూ తెలుసుకోవడానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు. ఎన్‌ఏడీ కూడలి నుంచి గాజువాక దారి పడితే ఉక్కు కర్మాగారం. అదే కూడలి నుంచి గోపాలపట్నం వైపు తిరిగితే ఆర్.ఆర్. వెంకటాపురం.

ముందు ఉక్కు కర్మాగారం సంగతి. దాన్ని గురించి పేపర్లలో వచ్చేదంతా ప్రైవేటీకరణ, ప్యాకేజీ, సమ్మె చుట్టూనే తిరుగుతుంది. కానీ ఇంజినీరింగ్ విద్యార్థి కళ్లతో చూస్తే అదొక పెద్ద పాఠ్యపుస్తకం. ముఖ్యంగా వేడిని ఎలా పోగొట్టుకోకూడదో చెప్పే పుస్తకం.

ఇనుప ఖనిజాన్ని కరిగించాలంటే కోక్ కావాలి. బొగ్గును గాలి తగలకుండా కాల్చి కోక్ తయారుచేస్తారు. ఓవెన్ నుంచి బయటికి తోసేటప్పుడు అది సుమారు 1,000 డిగ్రీల వేడితో ఎర్రగా మండుతుంటుంది. గాలి తగిలితే కాలిపోతుంది కాబట్టి వెంటనే చల్లార్చాలి. పాతకాలం పద్ధతి చాలా సులువు: నీళ్లు గుమ్మరించడమే. ఆకాశమంత ఆవిరి లేస్తుంది, కోక్ చల్లబడుతుంది. ఆ ఆవిరితో పాటే అంత వేడీ, అన్ని నీళ్లూ, వాటితో పాటు ఫినాల్ లాంటి కాలుష్యాలూ గాల్లో కలిసిపోతాయి. ఆ వేడి కోసం బొగ్గు కొన్నాం, తగలబెట్టాం, చివరికి నీళ్లు పోసి ఆర్పేశాం.

విశాఖ ఉక్కులో ఈ పని డ్రై క్వెంచింగ్‌తో చేస్తారు. దేశంలో ఈ పద్ధతిని మొదట తెచ్చింది ఇక్కడికే. ఎర్రటి కోక్‌ను మూసి ఉన్న గదిలోకి వదులుతారు. కింది నుంచి నైట్రోజన్ తిప్పుతారు. కోక్‌లోని వేడిని నైట్రోజన్ పట్టుకుని బాయిలర్‌కు తీసుకెళ్తుంది. బాయిలర్‌లో ఆవిరి పుడుతుంది, ఆ ఆవిరి టర్బైన్లు తిప్పుతుంది. చల్లబడ్డ నైట్రోజన్ మళ్లీ అదే గదికి వస్తుంది. మొదట్లో పెట్టిన బ్యాక్ ప్రెషర్ టర్బైన్లు రెండూ చెరో 7.5 మెగావాట్లవి. కరెంటు ఒక్కటే లాభం అనుకోకండి. నీళ్లు తగలని కోక్ పొడిగా, గట్టిగా ఉంటుంది. తేమ లేని గట్టి కోక్ వేస్తే బ్లాస్ట్ ఫర్నేసులో కోక్ వాడకం కూడా తగ్గుతుంది. ఒకచోట వృథా ఆపితే ఆ ఫలం ఇంకోచోట కూడా దక్కడం అంటే ఇదే. ఇంటర్వ్యూలో ఇలాంటి గొలుసు ఒక్కటి వివరించగలిగితే పది జపాన్ పదాలు చెప్పినదానికంటే ఎక్కువ పని జరుగుతుంది.

బ్లాస్ట్ ఫర్నేసు దగ్గరా ఇంతే. పైనుంచి బయటికొచ్చే వాయువు ఒత్తిడితో వస్తుంది. ఆ ఒత్తిడిని వాల్వు దగ్గర ఊరికే తగ్గించి వదిలేయొచ్చు. ఇక్కడ మాత్రం ఆ దారిలో టర్బైన్ పెట్టారు. 12 మెగావాట్ల యూనిట్లు రెండు. అదనంగా ఒక్క కిలో ఇంధనం కూడా కాల్చరు. ఒత్తిడి పోయాక కూడా ఆ వాయువులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది కాబట్టి దాన్ని మళ్లీ ఇంధనంగా వాడతారు. సింటర్ కూలర్ నుంచి పోతున్న వేడితో 20.6 మెగావాట్ల విద్యుత్తు తీసే యూనిట్‌ను జపాన్‌కు చెందిన నెడో సహకారంతో ఆ తర్వాత నెలకొల్పారు. రోలింగ్ మిల్లులో ఎర్రటి ఉక్కు మీంచి పొలుసుల్లా రాలే స్కేల్‌నీ, గాలి శుద్ధి యంత్రాల్లో పట్టుబడే ఇనుప ధూళినీ సింటర్ ప్లాంట్‌కి పంపి మళ్లీ ముడిసరుకుగా వాడతారు.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది స్లాగ్. ఖనిజంలోని సిలికా, అల్యూమినా లాంటి మలినాలు సున్నంతో కలిసి కరిగి ఇనుము మీద తేలతాయి. అదే స్లాగ్. మన దేశపు ఫర్నేసుల్లో టన్ను ఇనుముకు 300 కిలోలు, అంతకంటే ఎక్కువ కూడా వస్తుంది. అంటే మూడు టన్నుల ఇనుము తయారైతే దాదాపు టన్ను ‘చెత్త’. దాన్ని గుంటలో పోసి నెమ్మదిగా చల్లారనిస్తే రాయిలా గడ్డకడుతుంది. రోడ్డు కింద పరచడానికి పనికొస్తుంది, పెద్ద ధర పలకదు. అదే స్లాగ్‌ని కరిగి ఉండగానే బలమైన నీటిధారతో ఒక్కసారిగా చల్లారిస్తే గాజులాంటి చిన్న గుళికలవుతుంది. స్ఫటికాలుగా అమరడానికి దానికి సమయం దొరకదు. ఆ గాజు స్వభావం వల్లే పొడి చేసి సిమెంటులో కలిపినప్పుడు అది గట్టిపడుతుంది. పోర్ట్‌ల్యాండ్ స్లాగ్ సిమెంటులో 25 నుంచి 70 శాతం దాకా స్లాగ్ ఉండొచ్చని భారతీయ ప్రమాణం ఐఎస్ 455 చెబుతోంది. పదార్థం ఒకటే, రసాయన కూర్పూ ఒకటే. చల్లార్చే వేగం మారింది, అంతే. కెమికల్, మెటలర్జీ విద్యార్థులు థర్మోడైనమిక్స్ క్లాసులో ‘ఇది ఎందుకు చదవాలి’ అనుకుంటారు కదా, ఇందుకోసం.

ఇంత చేసినా ఆ కర్మాగారం నష్టాల్లో పడింది. 2023-24లో నష్టం రూ.4,800 కోట్లు దాటింది. 2025 జనవరిలో కేంద్రం రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించాల్సి వచ్చింది. మరి వృథా తగ్గించి లాభం ఏమొచ్చింది అని ఎవరైనా అడిగితే, అడగాల్సిందే. సొంత ఇనుప గనులు లేని కర్మాగారం ఖనిజాన్ని బయట కొనాలి. గనులున్న పోటీదారుతో పోలిస్తే మొదటి టన్ను దగ్గరే వెనకబడుతుంది. అప్పు మీద వడ్డీ ఉంది. నిర్వహణ పెట్టుబడి చాలక 2024 సెప్టెంబరులో మూడు ఫర్నేసుల్లో ఒక్కటే నడిచిన రోజులున్నాయి. 73 లక్షల టన్నుల సామర్థ్యం కోసం కట్టిన కర్మాగారంలో రెండు ఫర్నేసులు ఆగిపోయాయంటే, జీతాలు, వడ్డీ, తరుగుదల అన్నీ మిగతా ఒక్క ఫర్నేసు తీసే ఉత్పత్తి మీదే పడతాయి. టర్బైన్ దగ్గర ఎంత మిగిల్చినా ఆ లోటు పూడదు. షాప్‌ఫ్లోర్ మీద ఇంజినీరు ఆదా చేయగలిగేది ఒకటి, బోర్డు గదిలో, దిల్లీలో తేలేది ఇంకొకటి. లీన్ పద్ధతులు అన్ని జబ్బులకీ మందు అని చెప్పే కన్సల్టెంట్లను నమ్మకపోవడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అయితే మీలో ఎక్కువమందికి మొదటి ఉద్యోగం ఉక్కు కర్మాగారంలో రాదు. గాజువాక ఆటోనగర్‌లోని ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లోనో, పరవాడ ఫార్మాసిటీలోనో, అచ్యుతాపురం సెజ్‌లోనో రావొచ్చు. అక్కడి లెక్క ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఊహకోసం ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు తీసుకుందాం. రూ.100 అమ్మకంలో రూ.60 ఉక్కు ప్లేట్లకే పోతుంది. కూలి, కరెంటు, అద్దె, వడ్డీ కలిపి రూ.34. మిగిలే లాభం రూ.6. ప్లేటు మీద ముక్కలు గీసేటప్పుడు కాస్త ఆలోచించి దగ్గరదగ్గరగా అమర్చి, అదే పనికి రూ.3 విలువైన ప్లేటు తక్కువ కొన్నారనుకోండి. లాభం 6 నుంచి 9 అయిందని వెంటనే అనేస్తాం. అక్కడే తప్పు. ఇంతకుముందు ఆ రూ.3 విలువైన ముక్కలు స్క్రాప్‌గా అమ్మేవారు. కొన్న ధరలో సగం వచ్చేదనుకుంటే, రూ.1.50 స్క్రాప్ ఆదాయం ఇప్పుడు ఉండదు. కాబట్టి నికర ఆదా రూ.1.50. లాభం 6 నుంచి 7.50 అవుతుంది. అయినా అది 25 శాతం పెరుగుదల. అమ్మకాలు పెంచి ఇంతే లాభం తేవాలంటే, ఇదే మార్జిన్‌తో ఆర్డర్లు 25 శాతం పెరగాలి. కొత్త ఆర్డర్లు తేవడం యజమాని చేతిలో లేదు. ప్లేటు మీద గీత ఎక్కడ గీయాలన్నది మాత్రం ఉంది. ఆ స్క్రాప్ లెక్క కూడా తీసేసి చెప్పే ఫ్రెషర్‌ని ఏ యజమానీ వదులుకోడు.

దుస్తుల పరిశ్రమలోనూ ఇదే సూత్రం. ఒక చొక్కా ఖర్చులో పెద్ద వాటా బట్టదే. అందుకే బ్రాండిక్స్ లాంటి పెద్ద యూనిట్లు ఉన్న అచ్యుతాపురం వైపు ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ‘మార్కర్ ఎఫిషియెన్సీ’ అనే మాట ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది. పరిచిన బట్టలో ఎంత శాతం నిజంగా చొక్కా ముక్కలుగా మారిందో చెప్పే లెక్క అది. ఫార్మాలో అయితే సాల్వెంట్ రికవరీ. వాడిన ద్రావణిని బట్టీ పట్టి, శుద్ధి చేసి మళ్లీ వాడటం. దీని గురించి కాస్త ఆగి మళ్లీ మాట్లాడదాం.

ఇప్పుడు గోపాలపట్నం వైపు వెళ్దాం. అంతకంటే ముందు ఒక జపాన్ ఇంజినీరు గురించి రెండు మాటలు. టయోటా ఉత్పత్తి పద్ధతికి రూపమిచ్చిన తైచీ ఓనో ఏడు రకాల వృథాలు చెప్పాడు: అవసరానికి మించి తయారుచేయడం, పని కోసం ఎదురుచూడటం, సరుకును అనవసరంగా అటూ ఇటూ మోయడం, అడగని హంగులు చేయడం, నిల్వలు పేర్చడం, మనిషి అక్కర్లేకుండా తిరగడం, లోపాలున్న వస్తువులు తయారవడం. పరీక్షల్లో ఇవి బాగానే రాస్తాం. నిల్వ అనగానే మనకు వడ్డీ గుర్తొస్తుంది. గోడౌన్‌లో పడి ఉన్న సరుకు అంటే అక్కడ ఇరుక్కుపోయిన డబ్బు అని పుస్తకం చెబుతుంది. కొన్ని నిల్వల్లో డబ్బుతో పాటు ఇంకొకటి కూడా ఉంటుంది.

ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలైంది. 1997లో ఎల్‌జీ చేతికొచ్చింది. పాలీస్టైరిన్ తయారీకి స్టైరీన్ అనే ద్రవం కావాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ఉత్పత్తి ఆగింది. ట్యాంకులో 1,800 టన్నులకు పైగా స్టైరీన్ అలాగే ఉండిపోయింది. ఉక్కు ప్లేట్లను మూలన పడేసి ఆరు నెలలు వదిలేస్తే తుప్పు పడుతుంది, అంతే. స్టైరీన్ అలా ఊరికే ఉండదు. దాని అణువులు ఒకదానికొకటి అతుక్కుని గొలుసులవుతుంటాయి. ఆ చర్యలో వేడి పుడుతుంది. వేడి పుడితే చర్య ఇంకా వేగం పుంజుకుంటుంది. దీన్ని అదుపులో పెట్టడానికి రెండు పనులు చేయాలి. ట్యాంకును ఎప్పుడూ చల్లగా ఉంచాలి. టీబీసీ అనే నిరోధకం తగినంత కలుపుతూ ఉండాలి. ఉత్పత్తి లేనప్పుడు కూడా ఈ రెండు ఖర్చులూ ఆగవు. ఆదాయం సున్నా, కరెంటు బిల్లు మాత్రం వస్తూనే ఉంటుంది.

2020 మే 7 తెల్లవారుజామున ఆ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది ప్రాణాలు పోయాయి. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. నిద్రలో ఉన్నవాళ్లు లేచి పరుగెత్తి, దారిలోనే పడిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అత్యున్నత స్థాయి కమిటీ ఆ ఏడాది జులైలో ఇచ్చిన నివేదిక ఇంజినీరింగ్ చదివే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సింది. నిరోధకం చాలినంత లేదు. ట్యాంకు ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ అడుగున మాత్రమే ఉంది, పైన ఎంత వేడెక్కిందో చూపేది లేదు. శీతలీకరణ వ్యవస్థ రాత్రీ పగలూ నడవలేదు. అలారం ఏర్పాటు ఉండి కూడా ఊరిని లేపేందుకు సైరన్ మోగలేదు.

ఈ నాలుగింటినీ ఖర్చుల పట్టికలో పెట్టి చూడండి. రాత్రిపూట చిల్లర్ నడిపే కరెంటు. డ్రమ్ముల్లో తెచ్చి ఉంచుకోవాల్సిన ఒక రసాయనం. ట్యాంకు పైభాగంలో, మధ్యలో పెట్టాల్సిన ఒకట్రెండు సెన్సర్లు. నెలకోసారి సైరన్ డ్రిల్. ప్రమాదం జరగని ప్రతిరోజూ ఇవన్నీ ‘విలువ జోడించని’ పనుల్లాగే కనిపిస్తాయి. లీన్ పాఠాల భాషలోనే చెబితే, కస్టమర్ వీటికి డబ్బివ్వడు. వాల్యూ స్ట్రీమ్ మ్యాప్ గీసే కుర్రాడు ఎర్ర పెన్నుతో మొదట చుట్టేది వీటినే. ఘటన జరిగిన మర్నాడే జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆ కంపెనీని తొలి విడతగా రూ.50 కోట్లు జమ చేయమంది. మృతుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయల చొప్పున ప్రకటించింది. ఆ కర్మాగారం ఇక అక్కడ నడవలేదు. పోయిన ప్రాణాలకు లెక్క కట్టడం అసభ్యం కాబట్టి కట్టను. కేవలం రూపాయల్లో చూసినా సరే, ఆ సెన్సర్లూ నిరోధకమూ ఎంత చవకో తెలుస్తుంది.

కోక్ చల్లార్చడంలో వేడి పోనివ్వకుండా పట్టుకున్న తెలివి, స్టైరీన్ దగ్గర వేడి పుట్టకుండా చూడాల్సిన జాగ్రత్త, రెండూ ఒకే సబ్జెక్టు. హీట్ బ్యాలెన్స్. ఒకచోట వేడి ఆస్తి, ఇంకోచోట శత్రువు. ఇదే తేడా ఫార్మాలోనూ ఉంది. సాల్వెంట్‌ను తిరిగి పట్టుకోవడం మంచి ఆదా అన్నాను కదా. పట్టుకునే పైపులో లీకేజీ ఉంటే, ఆవిరి నిప్పు దగ్గరికి చేరితే? 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఫార్మా యూనిట్‌లో సాల్వెంట్ ఆవిరి వ్యాపించి జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. వారిలో కొందరు మీకంటే నాలుగైదేళ్లు పెద్దవాళ్లు, ఇలాంటి ఇంటర్వ్యూలే దాటి ఉద్యోగంలో చేరినవాళ్లు.

ఒక ఖర్చు దుబారానా, రక్షణా అని తేల్చడానికి నేను వాడే పరీక్ష చాలా మామూలుది. దీన్ని తీసేస్తే నష్టం ఎప్పుడు, ఎవరికి తెలుస్తుంది? ప్లేటు కటింగ్‌లో తప్పు చేస్తే సాయంత్రానికల్లా స్క్రాప్ కుప్పలో కనిపిస్తుంది. నష్టపోయేది కంపెనీ. దాన్ని ధైర్యంగా ప్రయోగాలు చేసి తగ్గించొచ్చు. సెన్సర్ తీసేస్తే ఏ రోజూ ఏమీ కనిపించదు. కనిపించిన రోజున నష్టపోయేది గోడ అవతల నిద్రపోతున్నవాళ్లు. అలాంటిదాన్ని ఖర్చు తగ్గించే జాబితాలోకే రానివ్వకూడదు. దాని మీద నిర్ణయం ప్రొడక్షన్ మేనేజర్ ఒక్కడి చేతిలో ఉండకూడదు కూడా.

టయోటా కూడా ఈ సంగతి తెలుసుకుంది. నిల్వలంటే పడని ఆ కంపెనీయే 2011 భూకంపం, సునామీ తర్వాత తన పద్ధతి సరిచూసుకుంది. దొరక్కపోతే లైను ఆగిపోయే విడిభాగాలేవో జాబితా రాసింది. చిప్‌ల లాంటివాటికి రెండు నుంచి ఆరు నెలల నిల్వ పెట్టుకోమని సరఫరాదారులకు చెప్పింది. 2021లో ప్రపంచమంతా చిప్‌ల కొరతతో కార్ల కంపెనీలు లైన్లు ఆపుకుంటుంటే, మొదటి నెలల్లో టయోటా మిగతావాళ్ల కంటే నిలదొక్కుకుంది. జస్ట్ ఇన్ టైమ్ పుట్టిన ఇంట్లోనే ‘కొంత నిల్వ ఉండాలి’ అనే మాట వచ్చింది. ఇంటర్వ్యూలో ‘జీరో ఇన్వెంటరీ నా లక్ష్యం’ అని గొప్పగా చెప్పేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

ఇంకో మాట కూడా అనాలి, కొంతమందికి నచ్చకపోయినా. మన దగ్గర ‘ఎఫిషియెన్సీ’ అనగానే మొదట కత్తి పడేది మనిషి మీద. అందులోనూ కాంట్రాక్టు కార్మికుడి మీద. ఉక్కు కర్మాగారంలోనే 2024, 2025ల్లో కాంట్రాక్టు కార్మికుల తొలగింపు మీద ఎన్ని ఆందోళనలు జరిగాయో నగరం చూసింది. ఎంతమంది ఉండాలన్నది యాజమాన్యం, యూనియన్లు తేల్చుకునే విషయం. కానీ ఒక ఇంజినీరుగా నా అభ్యంతరం వేరే. పదిహేనేళ్లుగా ఒకే యంత్రం దగ్గర నిలబడ్డ మనిషికి దాని శబ్దం తేడా తెలుస్తుంది. బేరింగ్ పోబోతోందని వైబ్రేషన్ మీటర్ కంటే ముందే చెప్పగలడు. అలాంటివాణ్ని పంపించేసి, అతని స్థానంలో నెలకోసారి మనిషిని మార్చే ఏజెన్సీని పెడితే జీతాల పద్దులో ఆదా కనిపిస్తుంది. బ్రేక్‌డౌన్ల పద్దులో నష్టం వస్తుంది. రెండు పద్దులూ చూసేది వేర్వేరు విభాగాలు కాబట్టి ఎవరూ కలిపి చూడరు. ఓనో ఏడింటికి తర్వాతివాళ్లు చేర్చిన ఎనిమిదో వృథా ఇదే, మనిషి తెలివిని వాడుకోకపోవడం.

మరి చదువుకుంటూనే దీన్ని నేర్చుకోవడం ఎలా? ఒక చిన్న లెక్కతో మొదలుపెట్టొచ్చు. మీ ఇంటి దగ్గర ఏదో ఒక వర్క్‌షాపు ఉంటుంది. యజమానిని అడిగి ఒక షిఫ్టు కూర్చోండి. 480 నిమిషాల షిఫ్టులో లేత్ 60 నిమిషాలు ఆగింది. మిగిలిన 420 నిమిషాల్లో నిమిషానికొకటి చొప్పున 420 ముక్కలు రావాలి, 378 వచ్చాయి. వాటిలో పనికొచ్చినవి 359. అంటే రావాల్సిన 480కి 359, దాదాపు 75 శాతం. దీన్నే పుస్తకంలో ఓఈఈ అంటారు. లభ్యత, వేగం, నాణ్యత మూడూ గుణించిన లెక్క. ఆ 60 నిమిషాలు ఎందుకు ఆగిందో పక్కనే రాసుకోండి. టూల్ కోసం వెతకడం, కరెంటు పోవడం, క్రేన్ కోసం చూడటం, డ్రాయింగ్ అర్థంకాక ఫోన్ చేయడం. వారం రోజులు రాస్తే రెండు మూడు కారణాలే సగానికి పైగా సమయం తినేస్తున్నట్టు తరచూ తేలుతుంది. ఇంటర్నెట్‌లో డౌన్‌లోడ్ చేసిన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కంటే ఈ వారం రోజుల నోటుపుస్తకం రెజ్యూమెలో బరువు తూగుతుంది. ఒక జాగ్రత్త: మీరు స్టాప్‌వాచ్ తీస్తే ఆపరేటర్‌కి తన ఉద్యోగం గుర్తొస్తుంది. ముందే చెప్పండి, కొలుస్తున్నది యంత్రం ఆగిన సమయాన్ని అని. రాసిన కాగితం ముందు ఆయనకే చూపించండి. చాలాసార్లు పరిష్కారం కూడా ఆయన దగ్గరే దొరుకుతుంది.

సర్టిఫికెట్ల విషయానికొస్తే, రెండు రోజుల్లో గ్రీన్ బెల్ట్ ఇచ్చేసే సంస్థలకు డబ్బు కట్టే ముందు ఆలోచించండి. ప్రాజెక్టు లేని బెల్టు, ఈత రానివాడి స్విమ్మింగ్ సర్టిఫికెట్ లాంటిది. కొంచెం ముందుచూపు ఉంటే చూడాల్సిన దారులు వేరే ఉన్నాయి. ఇంధన పొదుపు చట్టం 2001 ప్రకారం ఎక్కువ ఇంధనం వాడే నిర్దేశిత పరిశ్రమలు అర్హత ఉన్న ఎనర్జీ మేనేజర్‌ను పెట్టుకోవాలి. దానికి బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ జాతీయ స్థాయి పరీక్ష ఉంది. కొంత ఉద్యోగానుభవం అడుగుతారు కాబట్టి చేరిన మొదటి ఏడాది నుంచే లక్ష్యంగా పెట్టుకోవచ్చు. చిన్న పరిశ్రమల కోసం కేంద్ర ఎంఎస్‌ఎంఈ శాఖ జెడ్ సర్టిఫికేషన్‌తో పాటు 2023లో కొత్త లీన్ పథకాన్ని మొదలుపెట్టింది. వీటి గురించి తెలియని యజమానులు ఆటోనగర్ లాంటి చోట్ల చాలామంది ఉంటారు. దరఖాస్తు నుంచి అమలు దాకా చూసిపెట్టే కుర్రాడు దొరికితే వాళ్లకి అది పెద్ద సాయం, మీకు జీతంతో కూడిన శిక్షణ.

ఇంకో గిరాకీ కూడా వస్తోంది. ఉక్కు, అల్యూమినియం లాంటివి యూరప్‌కి ఎగుమతి చేయాలంటే టన్ను ఉత్పత్తికి ఎంత కార్బన్ వెలువడిందో లెక్క చూపాలి. 2023 అక్టోబరు నుంచి వివరాలు సమర్పించే దశ నడిచింది. 2026 నుంచి దానికి డబ్బు రూపంలో భారం పడుతుంది. అంటే కోక్ వేడిని గాల్లోకి వదిలేయడం ఇక కరెంటు బిల్లు దగ్గరే ఆగదు, ఎగుమతి ధరలోనూ కనిపిస్తుంది. ఈ లెక్కలు వేయగలిగే ఇంజినీర్లు మన దగ్గర ఇంకా తక్కువ. మాస్ బ్యాలెన్స్, హీట్ బ్యాలెన్స్ సరిగ్గా వచ్చినవాళ్లకి మిగతాది నేర్చుకోవడం కష్టం కాదు.

ఇక ఇంటర్వ్యూ చివర్లో ‘మమ్మల్ని ఏమైనా అడగాలనుకుంటున్నారా?’ అంటారు కదా. సాధారణంగా జీతం, షిఫ్టులు, హాస్టల్ అడుగుతాం. అవీ అడగండి, తప్పేం లేదు. వాటితో పాటు ఇంకో రెండు అడగండి. ఇక్కడ ట్రైనీ ఇంజినీరు ప్రమాదం అనిపిస్తే లైను ఆపొచ్చా? చివరిసారి సైరన్ డ్రిల్ ఎప్పుడు జరిగింది, ఊళ్లోవాళ్లు అందులో పాల్గొన్నారా? తేదీ చెప్పగలిగిన కంపెనీకీ, విషయం మార్చేసే కంపెనీకీ జీతంలో రెండు వేలు తేడా ఉన్నా, మొదటిదాంట్లోనే చేరండి.